వానలో పదకొండు అద్దాలు

మామయ్యకు,

నిన్న వ్యాను తాళంచెవి లాక్కుని "నీకంటే నత్త నయం" అన్నారు. మీ అద్దాల దుకాణంలో అందరూ నవ్వేసరికి బయటికి వచ్చేశాను. అందుకే రాస్తున్నాను. క్షమాపణ కోసం మాత్రం వెతక్కండి, ఈ ఉత్తరంలో అది లేదు.

వ్యానులో మీ పదకొండు అద్దాలున్నాయి, పక్కన అత్తయ్య ఉంది. వైపర్లు తుడిచిన చోటు రెప్పపాటులో మళ్లీ మసకబారేంత వాన. అంచు లేన్‌లో నీళ్లు నిలిచి గుంటలు కనబడలేదు. అవతలి లేన్‌లో లారీలు నీళ్లు చిమ్ముతూ దూసుకుపోతున్నాయి. రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా ఉండి నీళ్లు జారిపోతున్నాయని మధ్య లేన్ పట్టుకున్నాను. ముందున్న బస్సుకు బాగా ఎడంగా, ముప్పై దాటకుండా నడిపాను.

వెనక కారాయన హారన్ మోగించి మోగించి, పక్కకొచ్చి, "ఏమ్మా, నడిచెళ్తే ఈపాటికి చేరేదానివి కదా!" అని అరిచాడు.

అత్తయ్య ఊరుకుంటుందా? "అంత తొందరైతే నిన్ననే బయల్దేరాల్సింది బాబూ!" అంది.

గంట ఆలస్యమైంది, నిజమే. అద్దాలు తెప్పించుకున్న హోటల్ మేనేజరు మిమ్మల్ని కసిరాడు, అదీ నిజమే. కానీ ఆలస్యానికి తప్పు అనే అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. పదకొండింటిలో ఒక్కదానికైనా గీత పడిందేమో ఆయన్నే అడగండి.

రేపూ వానేనట. తాళంచెవి ఇస్తే మళ్లీ ముప్పైలోనే నడుపుతాను, ముందే చెబుతున్నాను. ఇంకొక్క మాట. మీరు నడిపేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకునే అత్తయ్య, నిన్న దారంతా కళ్లు తెరుచుకునే కూర్చుంది.

మీ మేనకోడలు