బోణీ అయ్యేదాకా

11 జూలై 1946

ఉర్దూ గజల్ చదువుతూ కళ్ళు తుడుచుకున్నానని, హైదరాబాదు కాలేజీలో నాకెవడో ఉన్నాడని అమ్మ తేల్చేసింది. ‘బీఏ చదివిపిస్తే గిదా సంగతి’ అని బాపుతో గుసగుసలు. ఎవడూ లేడు. నేను ఏడ్చింది శకుంతల వదిన కోసం.

అన్న పోయి ఏడాది. అప్పటినుంచి, కింద మా బట్టల దుకాణంలో బోణీ అయ్యేదాకా వదిన వెనక గదిలోనే ఉండాలి. మొదటి బేరానికి విధవ ఎదురు రాకూడదట. అమ్మ బయట గొళ్ళెం పెడుతుంది.

14 జూలై

గజళ్ళలో ప్రతి బాధకూ ఫలక్‌ని, అంటే ఆకాశాన్ని, తిడతారు. టర్కీ కవులూ ఇదే మాటతో తిడతారని మా ఉర్దూ లెక్చరర్ చెప్పేది. మా ఇంట్లో బ్రహ్మను అంటారు. గొళ్ళెం సంగతి ఎత్తితే వదిన నవ్వింది. ‘నా నొసట గట్లనే రాసిండు. నువ్వెందుకు ఫికర్ చేస్తవ్ సుగుణా?’

19 జూలై

ఒకటే వాన.

20 జూలై, సాయంత్రం, దవాఖాన

పొద్దునకే వదిన ఒళ్ళు కాలిపోతోంది. దవాఖానకు పోదామంటే ‘జర ఆగు, బోణీ కానీ’ అని అమ్మ. ఈ వానలో బజారుకు ఎవరొస్తారు? నేనే రవికె గుడ్డ కొంటానన్నాను. ‘ఇంటి పిల్లతోటి బోణీ ఏందే పిచ్చిదానా’ అని బాపు నవ్వారు. తలుపవతల దగ్గు. అమ్మ బియ్యం చాట పట్టుకుని తలుపుకు అడ్డంగా కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక తొర్రూరు ముసలమ్మ ఒకామె తడుస్తూ వచ్చి తువ్వాల కొన్నది. అప్పుడు తీశారు. వదిన కళ్ళు తెరవలేదు.

24 జూలై

నిమోనియా. పొద్దునే తెస్తే ఇంత ముదిరేది కాదన్నాడు డాక్టర్. గండం గడిచింది. బాపు వరండాలో చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ‘కొడుకును తీస్కపోయినవ్, గీ పిల్లనన్న ఇడిసిపెట్టు’ అని దేవుణ్ణి బతిమాలారు. దొంగ ఏడుపు కాదు. అమ్మ రాత్రంతా వదిన పాదాలు రుద్దింది. వీళ్ళను అసహ్యించుకోవడం నాకు చేతకావడం లేదు.

3 ఆగస్టు, పొద్దున

నిన్న వదిన ఇంటికొచ్చింది. ఇవాళ అమ్మ గంజి గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. దుప్పటి సర్దింది. నుదురు తాకి చూసింది. బయటకొచ్చి గొళ్ళెం పెట్టింది.

ఫలక్ కాదు. బ్రహ్మ కాదు. ఆ చేతికి మా అమ్మ గాజులున్నాయి.

సాయంత్రం

వదినకు నా ఆలోచన చెప్పాను. మామ కోపం చేస్తే ఎట్లా అని అడిగింది. చేస్తారన్నాను. ‘గట్లయితే జర మంచి చీర తియ్యి’ అన్నది.

4 ఆగస్టు

గొళ్ళెం ఊడదీసి బావిలో వేశాను. రేపు దుకాణం తెరిచే వేళకు వదినా నేనూ దాని గడప మీదే కూర్చుంటాం. రేపే కాదు, రోజూ.