బేబీ ఆఫ్ తుమ్మలపల్లి

గిరావీన్, సిడ్నీ
12 మార్చి 2000

చి.సౌ. కుసుమకు,

దీవించి వ్రాయునది. ఇక్కడ లీల, పసిది, అల్లుడు, నేను అందరమూ కులాసా. నీ మోకాలు కూడా కులాసాగా ఉందని రాశావు. మెట్లెక్కకుండా దాన్ని అలాగే ఉంచుకో.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పిల్ల జుట్టు నీదే, నల్లగా ఒత్తుగా ఉంది. ముక్కు ఎవరిదో ఇంకా తేలలేదు. అల్లుడితో ఇంతవరకు పోట్లాడలేదు, అతను అవకాశం ఇవ్వడం లేదు. కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసే పని లీల కడుపుతో ఏడో నెల దాకా చేసింది. లోకం స్తంభించిపోతుందన్నారు. జనవరి ఒకటిన ఇక్కడ కుళాయి కూడా ఆగలేదు.

మధ్యాహ్నాలు ఇక్కడ నీళ్ళలో పడిన ఎండలా కదులుతాయి. గిరావీన్ అంటే ఇక్కడి ఆదివాసుల మాటలో పూలుండే చోటట. నీ పేరు గల ఊళ్ళో నువ్వు లేకుండా తిరుగుతున్నాను. రైల్లో కునుకు పడితే స్టేషన్ల పేర్లన్నీ కరిగి మన పల్లెల పేర్లవుతాయి.

ఈ కింది పేరా మీ అన్నయ్య రాజారావుకు గట్టిగా చదివి వినిపించు.

లీల పెళ్ళిలో, పంక్తిలో పెరుగు వడ్డిస్తుండగా, నలుగురూ వినేలా ఏమన్నాడు? "కొడుకుల్లేరుగా బావా, మీ తుమ్మమోడు నీతోనే ఎండిపోద్ది." విస్తరి వదిలి లేచాను. చదివిన పుస్తకాలన్నిటిలో ఒక్క జవాబూ గుర్తు రాలేదు. ఇప్పుడు దొరికింది. సర్టిఫికెట్లలో ఉన్న పేరుతోనే పాస్‌పోర్టు తీసుకుంది కనుక లీల ఇక్కడ నేటికీ తుమ్మలపల్లి లీలే. పిల్ల పుట్టగానే ఆసుపత్రివాళ్ళు దాని కాలికి తల్లి పేరుతో ఒక పట్టీ కట్టారు. దాని మీద 'బేబీ ఆఫ్ తుమ్మలపల్లి' అని ఉంది. అల్లుణ్ణి కూడా "మిస్టర్ తుమ్మలపల్లి" అని పిలిచారు. పాపం, పలికాడు. మోడు చిగిర్చిందని రాజారావుతో చెప్పు.

ఇక్కడితో చదవడం ఆపెయ్. మిగతాది నీకు మాత్రమే.

పట్టీ కట్టిన నర్సు పేరుబిళ్ళ మీద థార్న్‌టన్ అని ఉంది. నా నోరు ఊరుకుంటుందా? ఇంగ్లీషువాళ్ళకూ మనలాగే ఊరిపేర్లు ఇంటిపేర్లయ్యాయి, థార్న్ అంటే ముళ్ళచెట్టు, టన్ అంటే పల్లె, కాబట్టి నువ్వూ తుమ్మలపల్లి వారి ఆడపడుచువే అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. "అది నా మొగుడి పేరులే, కజిన్! అతన్ని వదిలేశాను. ముల్లు అలవాటైపోయి ఉంచుకున్నాను."

ఆ లెక్కన అల్లుడి ఇంటిపేరు కొత్తపల్లి, అంటే న్యూటన్! ఈ సంగతి వియ్యంకుడు ద్వారకానాథ్ గారి చెవిన పడనివ్వకు. ఇప్పటికే ఆయన్ని పట్టుకోలేకపోతున్నాం. పిల్లకు ఏ ఇంటిపేరు పెడుతున్నారని ఇప్పటికి చాలాసార్లు ఫోన్ చేశాడు.

నిన్న మధ్యాహ్నం పిల్ల నా ఒళ్ళో నిద్రపోతుంటే అల్లుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మామయ్యగారూ, బర్త్ ఫారంలో పాప సర్‌నేమ్ ఇంకా ఫిల్ చెయ్యలేదండి. మీదే పెట్టేద్దాం. మా నాన్నని నేను హ్యాండిల్ చేస్తా."

వంటింట్లోంచి లీల అందుకుంది. "యెస్ అను నాన్నా. ఆ మాట కోసమే వెయిట్ చేస్తున్నావని మాకు తెలుసులే."

నిజమే కుసుమా. ఆ విస్తరి ముందు నుంచి లేచిన నాటి నుంచీ ఆ మాట కోసమే ఎదురుచూశాను. కిటికీలోంచి వచ్చిన ఎండ పిల్ల అరికాలి మీద పడింది. నా కళ్ళు మూతలు పడ్డాయి. టన్ అన్న మాటకు పల్లె అన్నది తర్వాత వచ్చిన అర్థం, మొదట్లో కంచె అని. ఎప్పుడో నిఘంటువులో చదివింది ఆ మగతలో పైకి తేలింది. ఒక ఊరు కనబడింది. ఇళ్ళింకా లేవు, చుట్టూ తుమ్మకంప మాత్రం వేసి ఉంది. లోపల ఈ పిల్ల పాకుతోంది. కంప వేసినవాడు బయట నిలబడి ఉన్నాడు, చేతుల నిండా గీరుకుపోయిన గీతలు. ఇన్నేళ్ళూ ముల్లు గుచ్చడానికే అనుకున్నాను, లోపలివాళ్ళను కాయడానికని తోచలేదు.

కళ్ళు తెరిచాను. "కొత్తపల్లే రాయి అల్లుడూ. కొత్త దేశంలో పుట్టింది, అదే నప్పుతుంది."

"షూరా మామయ్యగారూ?"

"మళ్ళీ అడిగితే మనసు మారుతుంది."

లీల చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు.

నిన్ను అడగకుండానే చెప్పేశాను. కోప్పడతావు. ఆ ఇంటిపేరు నీది కూడా, నాకంటే ఓపికగా మోశావు. పట్టీ కత్తిరించి పారేయబోతుంటే అడిగి తీసుకున్నాను. నా కళ్ళజోడు పెట్టెలో ఉంది, తెస్తాను. రాజారావుకు ఎలాగూ తెలుస్తుంది. అందాకా నాలుగు రోజులు మోడు చిగిర్చిందన్న మాట అతని చెవిలో ఉండనీ.

ఇట్లు,
కొత్తపల్లి వారి పిల్లకు తాత,
నీకు మాత్రం ఎప్పటి ముల్లే.