అరవై ఆరు నుంచి మొదలైన గీత

నవంబర్ 4, మంగళవారం

పొద్దున్నుంచీ ఒక్క గ్రాఫ్ మీదే ఉన్నాను. మా పేపర్ ఆదివారం పేజీకి. పదిహేను స్కూళ్ళు, పన్నెండు వందల మంది టెన్త్ పిల్లలు. రోజుకి ఎంతసేపు రీల్స్ చూస్తారు, మార్కులెన్ని. గంటలోపు చూసేవాళ్ళ సగటు డెబ్బై ఒకటి. మూడు గంటలు దాటి చూసేవాళ్ళది అరవై ఎనిమిది. ఇంత హడావిడీ చేసి తేడా మూడంటే మూడు మార్కులు. పక్కపక్కన రెండు కడ్డీలు నిలబెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

ఇంకోటి కూడా బయటపడింది. ఎంత చూసినా, అసలు చూడకపోయినా, అన్ని గుంపుల్లోనూ ఆడపిల్లలకే ఎక్కువ మార్కులు. నాకైతే అదే వార్త. దానికో చిన్న బాక్స్ కట్టాను.

నవంబర్ 6, సాయంత్రం 5

మా చీఫ్ గ్రాఫ్ చూశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి, ఇందులో చూడ్డానికేముంది, పేజీ తిప్పేస్తారు అన్నాడు. ఒకేలా ఉన్నాయి కాబట్టే ఒకేలా కనిపిస్తున్నాయి సార్ అన్నాను. నవ్వాడు. సున్నా నుంచి ఎందుకమ్మా, అరవై ఆరు నుంచి మొదలెట్టు అన్నాడు.

అరవై ఆరు నుంచి మొదలెడితే ఒక కడ్డీ అయిదు మెట్లు, ఇంకోటి రెండు మెట్లు. ఫోన్ చూసిన పిల్లల చదువు సగానికి పైగా కూలిపోయినట్టుంటుంది. ఇది అబద్ధం కదా అన్నాను. ఇందులో ఏ అంకె తప్పో చూపించు అన్నాడు. ఏ అంకే తప్పు కాదు! అందుకే ఒళ్ళు మండింది.

బాక్సుకి జాగా లేదట, తీసేశాడు. అదే జాగాలో మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తున్న అమ్మాయి బొమ్మ పెట్టమన్నాడు. అమ్మాయే ఎందుకు సార్ అంటే, అమ్మాయైతే చూపు ఆగుతుంది అన్నాడు.

మార్చడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నా పేరు తీసెయ్యండి అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు.

నవంబర్ 9, ఆదివారం

పేజీ నిండా అదే. పైన, రీల్స్ మింగేస్తున్న మార్కులు అని హెడ్డింగ్. కింద నా పేరు. ఎప్పుడూ చీమల్లాంటి అక్షరాల్లో వేసేవాళ్ళు, ఈసారి కాస్త పెద్దగా వేశారు. చూసి సంతోషం వేసింది. వేసింది, దాచడం ఎందుకు.

నవంబర్ 10, సోమవారం

అక్క ఫోన్ చేసింది. బావ నా గ్రాఫ్ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడట. మన ఇంటి పిల్ల వేసింది, ఊరికే వేస్తుందా అన్నాడట. పిచ్చుక ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడట.

పిచ్చుకంటే అక్క కూతురు. పదిహేనేళ్ళు. ఒకచోట నిలబడదు, అందుకే ఆ పేరు. ఆరు వారాలుగా ఇంకో నలుగురితో కలిసి, వీడియోలు చూసి డాన్స్ నేర్చుకుంటోంది. శనివారం టౌన్ హాల్లో పోటీ ఫైనల్. బావ అదీ వద్దన్నాడట.

దానికి మొన్న మార్కులెన్ని అని అడిగాను. ఎనభై నాలుగు అంది అక్క.

నవంబర్ 11

పిచ్చుక నా ఫోన్ ఎత్తడం లేదని ఉదయం నుంచీ బాధపడుతున్నాను. ఎత్తడానికి దాని దగ్గర ఫోనేదీ?

నవంబర్ 12, బుధవారం

సవరణ వెయ్యమని చీఫ్‌ని అడిగాను. తప్పు అచ్చయితే సవరణ, ఇక్కడ తప్పెక్కడుంది అన్నాడు. ఈ ఏడాది మన పేపర్లో అందరూ ఎక్కువగా పంచుకున్న బొమ్మ అదేనట. మూడు స్కూళ్ళవాళ్ళు గోడకి అంటించుకోవడానికి పెద్ద సైజులో అడిగారట. నన్ను మెచ్చుకున్నాడు కూడా. నాకు కుర్చీ ఎత్తి కిటికీలోంచి విసరాలనిపించింది. థాంక్యూ సార్ అని వచ్చేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

నవంబర్ 13, గురువారం

ఆఫీసు నుంచి నేరుగా అక్క వాళ్ళింటికి. బావ డిపోలో టైమ్‌కీపర్. ఏ బస్సు ఎన్ని నిమిషాలు లేటో ఆయన రాసిందే రాత. అంకెలంటే గురి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వచ్చేసేదాన్ని.

నోట్‌బుక్కులో రెండు కడ్డీలూ సున్నా నుంచి గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. మరి ఆదివారం వేసింది అబద్ధమా అన్నాడు. అంకెలు నిజమే బావా, బొమ్మే అబద్ధం అన్నాను. కింద నీ పేరెందుకుంది మరి అన్నాడు. నాకు ఈ బొమ్మలు చదవడం రాదమ్మా, నీ పేరు చూసే నమ్మాను అన్నాడు. ఇప్పుడు పెన్నుతో ఇంకోటి గీసి ఇది నమ్మమంటే ఎలా, అదే పేపర్లో చూపించు, అప్పుడు నమ్ముతాను అన్నాడు.

పిచ్చుక గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. పిన్నీ, అది నువ్వేనా వేసింది అని అడిగింది. అవునన్నాను. లోపలికెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. ధడాలున వేసినా బాగుండేది.

నవంబర్ 14, శుక్రవారం

మా ఆఫీసులో మెట్ల పక్క బల్ల దగ్గర పాఠకుల ఉత్తరాలు చూసే పెద్దాయన ఒకరున్నారు. అందరం ఉత్తరాలాయన అంటాం. ఆయన పేజీని అచ్చయ్యేదాకా ఎవరూ చూడరు. పాఠకురాలిగా ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. ఆదివారం గ్రాఫ్ సున్నా దగ్గర మొదలు కాలేదు, అందుకే గోరంత తేడా కొండంత కనిపించింది, అసలైనది ఇదీ, ఆడపిల్లల మార్కులు ఇవీ అని.

కింద పేరు చూసి కళ్ళజోడు తీశారు. ఫిర్యాదు చేసిందీ నువ్వే, ఎవరి మీద చేశావో ఆ మనిషీ నువ్వేనా అన్నారు. అవునండీ అన్నాను. ఉద్యోగం గురించి ఆలోచించావా అన్నారు. వచ్చేటప్పుడు మెట్ల మీద ఆలోచించాను అన్నాను. తీసుకున్నారు.

కానీ సోమవారమేనట. రేపటి పేజీ అప్పటికే వెళ్ళిపోయింది, ఆదివారం ఉత్తరాలుండవు. బతిమాలాను. ఆయన చేతుల్లో లేదు.

నవంబర్ 15, శనివారం

టౌన్ హాల్‌కి వెళ్ళాను. ఎందుకెళ్ళానో నాకే తెలీదు. నలుగురు పిల్లలు స్టేజీ ఎక్కారు. అయిదుగురికని కట్టుకున్న వరసలు మార్చుకోలేదు. పిచ్చుక జాగా ఖాళీగా వదిలేసి ఆడారు. మధ్యలో ఒక చోట ఇద్దరు చేతులు చాపి, లేని మనిషిని పట్టుకుని తిప్పారు. హాల్లో ఎవరికీ అర్థం కాలేదు.

ప్రైజ్ రాలేదు. వరసలో ఖాళీ ఉంది, మార్కులు కోశాం అన్నాడు జడ్జి, మైకులో, అందరికీ వినపడేలా. లేచి అరవాలనిపించింది. ఆ ఖాళీ పెట్టింది నేను. ఏమని అరవను?

నవంబర్ 17, సోమవారం

పేపర్లో ఉత్తరం వచ్చింది. అగ్గిపెట్టంత గ్రాఫ్. కానీ సున్నా నుంచే.

పదకొండింటికి చీఫ్ పిలిచాడు. పేపరు పరువు తీశావు అన్నాడు, తిన్న ఇంటికే ద్రోహం అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. అంతా అయ్యాక, మీరు పెట్టించిన అమ్మాయి బొమ్మ ఉంది కదా సార్, ఆ అమ్మాయి మా అక్క ఇంట్లో ఉంది, మంచం మీద పడుకుని లేదు, గదిలో తలుపేసుకుని ఏడుస్తోంది అన్నాను.

ఆదివారం పేజీ నా దగ్గర్నుంచి తీసేశారు. ఇక నుంచి పదకేళి గళ్ళు గీయాలట. ఉత్తరాలాయనకి మెమో ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి డ్రాయర్లో పడేసి, చీఫ్ సంతకం ఈసారి బాగా పెట్టాడు అన్నారు.

నవంబర్ 19, బుధవారం

బావ ఫోన్ చేశాడు. ఫ్రిజ్ మీది కాగితం పీకేశాడట. ఫోన్ ఇచ్చేశాడట. ఫోనైతే ఇచ్చానమ్మా, శనివారం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను అన్నాడు. నలభై ఏళ్ళ మనిషి గొంతు అలా చిన్నబోవడం ఎప్పుడూ వినలేదు.

పిచ్చుక మాట్లాడుతుందా అని అడిగాను. అడిగి చూస్తానన్నాడు. మాట్లాడలేదు.

నవంబర్ 22

గళ్ళు. నల్లవి, తెల్లవి.

నవంబర్ 27, గురువారం

అక్క చెప్పింది. ఇవాళ స్కూల్లో లెక్కల టీచర్ రెండు గ్రాఫులూ కత్తిరించి బోర్డు మీద అంటించిందట. ఇందులో మనల్ని మోసం చేసేది ఏదో చెప్పండి అందట. పిచ్చుక లేచి ఎడమవైపుది అని, సున్నా ఎక్కడ పోయిందో చెప్పి, రెండూ మా పిన్నే వేసింది అందట.

ఆ తర్వాత ఏమంది అని అడిగాను.

కూర్చుందట.