ఆవిరి పట్టని అద్దం

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అన్నయ్య, నేను క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ వాక్యం రాశాను. ఈసారి మాత్రం పక్కగదిలోకి ఒకసారి తొంగి చూసి వచ్చి రాస్తున్నాను. అన్నయ్య బ్రష్షులు కడుక్కుంటున్నాడు.

ఈ పొద్దున బాత్‌రూమ్ అద్దంలో నా ముఖం స్పష్టంగా కనిపించింది. అన్నయ్య నాకంటే ముందే స్నానం చేసి, పది నిమిషాల్లో బయటికి వచ్చి, తల సరిగ్గా తుడుచుకోకుండానే నిచ్చెన భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడు. రెండేళ్లుగా ఆ అద్దం పొద్దునపూట ఆవిరితో తెల్లగానే ఉండేది. కాసేపు అక్కడే నిలబడ్డాను. పళ్లు తోముకోవడం కూడా మర్చిపోయాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. గీజరు బాగుచేయించక్కర్లేదు. అదిప్పుడు విశ్రాంతి తీసుకుంటోంది. అన్నయ్య మూడు పూటలా తింటున్నాడు. నిన్న నా పళ్లెంలోది కూడా లాక్కున్నాడు. రంగుల వాసన పడకే ఆ వాంతులేమో, బోర్డులు రాసే పని మానిపించమన్నావు. మానిపించక్కర్లేదమ్మా. తప్పు రంగులది కాదు, థిన్నరుదీ కాదు, పరగడుపున తాగే టీదీ కాదు.

నలభై ఒక్క రోజుల కిందట అన్నయ్యను ఆసుపత్రిలో చేర్చాను. ఆ రోజు ఒక మందుల దుకాణానికి బోర్డు రాస్తున్నాడు. పొద్దుటినుంచి గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవలేదట. అయినా ఆఖరి అక్షరం పూర్తి చేసి, బ్రష్షు తుడిచి, నిచ్చెన దిగాకే కూలబడ్డాడు. దుకాణదారు నేను పనిచేసే లైబ్రరీకి ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి పెదవులు ఎండి, ముఖం పాలిపోయి ఉంది. ఒంట్లో నీరు ఇంకిపోయి మూత్రపిండాలు దెబ్బ తినబోతున్నాయని రక్తపరీక్షలో తేలింది.

రెండో రోజు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. నా వయసే ఉంటుందేమో. జడలో పెన్ను గుచ్చుకుని ఉంది. ఇదివరకటి డాక్టర్లందరూ ఏం తిన్నాడని అడిగారు. ఈమె మాత్రం, "స్నానం ఎంతసేపు చేస్తారండీ?" అని అడిగింది.

"గంటన్నర. ఒక్కోరోజు మూడుసార్లు," అన్నాను. "వేడినీళ్లు పడితే కడుపు సర్దుకుంటుందండీ. మా అమ్మ కూడా అదే చెయ్యమంది."

"పొద్దున ఆయన సెలైన్ ఎక్కుతున్న చెయ్యి తలుపు బయట పెట్టి, మిగతా మనిషి వేడినీళ్ల కింద నిలబడ్డాడట. నర్సు చెప్పింది." ఆమె మంచం దగ్గరున్న ఫారం తిరగేసింది. అలవాట్ల గడిలో 'ఏమీ లేవు' అని ఉంది. "గంజాయి ఎన్నేళ్ల నుంచి?"

"అలాంటిదేమీ లేదండీ," అన్నాను. ఎవరైనా పలకరిస్తే గొంతు పెగలని నేను, ఆ అబద్ధం మాత్రం తడుముకోకుండా చెప్పాను.

అన్నయ్య చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇలా ఇవ్వు, సిస్టరమ్మా." కాన్వెంట్ రోజుల్లో నాకు పెట్టిన పేరు ఇంకా వదల్లేదు వాడు. నా రెండు మాటలనూ ఒక్క గీతతో కొట్టేసి, పక్కన రాశాడు: గంజాయి. రోజూ. పదకొండేళ్లు. బోర్డు మీద రాసినట్టే రెండువైపులా సమానంగా జాగా వదిలాడు.

డాక్టరమ్మ దాన్ని చదివింది. "ఇంత అందంగా ఎవరూ ఒప్పుకోలేదండీ."

తర్వాత వివరంగా చెప్పింది. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో కొందరికి ఇలా అవుతుందట. వికారం తగ్గిస్తుందనుకున్నదే వాంతులు తెప్పిస్తుంది. వేడినీళ్లు కాసేపు మరిపిస్తాయి, అంతే. గొట్టం వేసి చూసినా కడుపులో ఏమీ కనబడదు కాబట్టి ఏళ్లు గడిచిపోతాయి. అన్నయ్య కొలత తీసుకుని నిచ్చెన దిగేలోపే మర్చిపోవడానికీ అదే కారణం కావచ్చునంది.

"కొంచెం తగ్గిస్తే సరిపోదాండీ?" అన్నాడు అన్నయ్య.

"కొంచెం తగ్గిస్తే, కొంచెం ఆలస్యంగా వస్తారు. మళ్లీ ఇదే మంచం ఇస్తాం."

హాస్టల్లో ఏ పిల్ల ఏం దాచిందో మెట్ల మీదనుంచే పసిగట్టే వార్డెన్‌వి, నీ కొడుకు సంగతి ఎలా తెలియలేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. సెలవులకు నువ్వు వచ్చిన నాలుగు రోజులూ వాడు తాగడానికి మిద్దె మీదకే వెళ్లేవాడు కాదు. మొదట్లో ఎత్తు మీద పని చేసేటప్పుడు భయం పోవడానికని పెద్ద పెయింటరు అలవాటు చేశాడట. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు.

ఇక నా సంగతి. ఇది రాయడానికే మూడు కాగితాలు చించాను.

నాకు ముందే తెలుసమ్మా. ఆరేళ్లుగా తెలుసు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. వాంతులు మొదలైన కొత్తలో అన్నయ్య భయపడి, "దీనివల్లేమో, మానేస్తా," అన్నాడు. నిజంగానే వారం మానేశాడు. నేను లైబ్రరీలో ఒక లావుపాటి మూలికల పుస్తకం వెతికి తెచ్చి, గంజాయి వాంతులను తగ్గిస్తుందన్న పేరా వాడికి చదివి వినిపించాను. అచ్చులో ఉన్నది తప్పయి ఉండదనుకున్నాను. అది తప్పు కాకపోవచ్చు కూడా. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది మాత్రం అందులో లేదు, నేనూ వెతకలేదు. ఆ మర్నాటి నుంచి అన్నయ్య మందు వేసుకున్నట్టు పూటకోసారి తాగాడు. ఫారాల్లో 'ఏమీ లేవు' అని నాలుగు ఆసుపత్రుల్లో రాసింది కూడా నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని రాయడానికి నాకే ఇచ్చేవాడు.

ఇదంతా వాడితో చెప్పి ఏడ్చాను. "నువ్వు చదివావు, నేను తాగాను. నా వాటా నువ్వు లాక్కోకు," అన్నాడు. వాడి నోట అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు.

మానడం తేలికగా జరగలేదు. మొదటి రెండు వారాలు నిద్ర లేదు, ఒళ్లంతా చెమట, చీటికీ మాటికీ కోపం. గీత వంకర పోతోందని బోర్డులకు అడుగు రంగు మాత్రమే వేశాడు. పెద్ద పెయింటరు పనిచోటుకే వచ్చాడు. "ఒక్క దమ్ము లాగరా, గీత అదే నిలుస్తుంది," అన్నాడు.

"గీత నిలుస్తుంది మావా, నేనే నిలవను," అని అన్నయ్య అడుగు రంగు వేసుకుంటూ ఉండిపోయాడట. పక్క దుకాణంవాళ్లు చెప్పారు. వాడైతే చెప్పడు. కొలతలు ఇప్పుడు మణికట్టు మీద రాసుకుంటున్నాడు. మరుపు ఎంతవరకు పోతుందో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ. మూత్రపిండాలు మాత్రం కోలుకున్నాయి. ఒక్కసారి మళ్లీ మొదలుపెట్టినా అన్నీ మొదటికొస్తాయని గట్టిగా చెప్పింది. అందుకే వాడి ముందు ఏ రోజునీ గొప్ప చెయ్యను. లోపల మాత్రం, ఇంత ధైర్యం గల మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ ఆ ధైర్యాన్ని ఇన్నాళ్లు పుస్తకాల్లో వెతికానే అనుకుంటాను.

నన్ను కోప్పడాలనిపిస్తే కోప్పడు. వాడికి మాత్రం మామూలుగా రాయి. పని గురించి అడుగు.

ఇంతవరకు రాసినదంతా అన్నయ్య చదివాడు. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. కవరు మీద నీ అడ్రసు రాసింది వాడే.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి