పట్టీకి కొత్త బెజ్జం

ఒరేయ్ ఇలియాస్,

నేను మార్టూరు ధర్నాకి పోతున్నాను, రేపు సాయంత్రం వస్తాను. మన పొట్టిగుర్రం మోతీకి నానబెట్టిన ఉలవలు ఉడికించి పెట్టు. రాత్రికి జొన్నచొప్ప రెండు కట్టలు వెయ్యి, ఈ చలికి దాని ఒంట్లో వేడి నిలిపేది ఆ మేతే. నీళ్లు గోరువెచ్చగా ఇవ్వు.

బొచ్చు పెరిగింది కదాని బలిసిందనుకోకు. బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి పక్కటెముకలు తడిమి చూడు. పోయిన జనవరిలో మన పాత గుర్రం చాందినికి జీను బిగించే కడుపు పట్టీ వదులైనప్పుడల్లా "తోలు సాగిందిలే అక్కా" అని నువ్వు కొత్త బెజ్జం పొడిచావు. నేనూ సరేనన్నాను. పెళ్లి ఊరేగింపులో అది కూలబడి ప్రాణం వదిలాక, మీద కప్పిన జరీగుడ్డ తీస్తే అన్నీ ఎముకలే. కూలోళ్ల కడుపు మాడుస్తున్నారని ఊరందరినీ నిలదీసేదాన్ని, నా పాకలో కడుపు చూడలేదు. ఇప్పటికీ తెల్లారుజామున చాందినిని కట్టిన గుంజ దగ్గర డెక్కల చప్పుడు వినిపిస్తుంది. మోతీ కూడా అటే చెవులు నిక్కబెడుతుంది.

వంటగదిలో చారు ఉంది, వేడి చేసుకుని తిను.

అక్క

ఇంకో మాట. చెప్పులేసుకుంటూ మోతీ పట్టీ చూశాను. పాత బెజ్జాలకి లోపలి వైపు కొత్త బెజ్జం ఉంది. నేను పొడవలేదురా. ఆదివారం పెళ్లికి గుర్రం రాదని పెళ్లివాళ్లకి ఇప్పుడే ఫోన్ చెయ్యి.