బూట్లకు ఆముదం రాశాను

తెల్లారేసరికే మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి వాన తప్పదు. రెయిన్‌కోటు నీ బండి మీద పెట్టాను. అన్నం, కూర పొయ్యి మీద ఉన్నాయి. తినకుండా వెళ్ళకు.

నీ బూట్లకు మడమ దగ్గర ఆముదం రాశాను. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయినా వాటి అడుగు అరగలేదు. ప్యాంటు వెనక మాత్రం రెండుసార్లు కుట్టించాం. స్టేషన్లో కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తిస్తే ఇంకేం అరుగుతుంది? ఇవాళ రోజంతా రోడ్డు మీద గస్తీ కనుక బూట్లు కరుస్తాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకో. కుంటుతూ తిరిగొస్తే, రేపు మళ్ళీ ఆ కుర్చీయే చూపిస్తారు.

"ఆడవాళ్ళకి రోడ్డు డ్యూటీ ఎందుకమ్మా" అన్న ఎస్సైగారితో, "నన్ను కూర్చోబెట్టి ఉద్యోగం ఇవ్వలేదు సార్, పరిగెత్తించి ఇచ్చారు" అన్నావట. మీ జీపు డ్రైవరు టీకొట్టు దగ్గర చెప్పాడు. "వదినతో జాగ్రత్త అన్నా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట టీకొట్టు కంటే ముందు మొగుడు వినాల్సింది.

వాన నీళ్ళు నిలవకుండా చేనుకు గండి కొట్టడానికి వెళ్తున్నాను.

సాయంత్రం వంట కూడా నాదే. ఎలా గడిచిందని అడగను. బూట్లు గుమ్మం దగ్గర విప్పు, వాటికంటిన మట్టి చూస్తే నాకే తెలుస్తుంది. ఇద్దరం కూర్చుని అన్నం తిందాం.