ఖాళీ కనిపిస్తే ఓర్వలేని మనిషి

మంగళవారం, రాత్రి

అన్నం తిన్నా డైరెక్టర్ మీద కోపం దిగలేదు. కోచింగ్ సెంటర్లో స్టూడెంట్ల ముందే అరిచాడు. "ఏంటయ్యా, ఒక్క క్లాసు వీడియో కాపీ కావడానికి పూటంతా పడుతుందా? నీలాగే నీ కంప్యూటర్ కూడా మొద్దు!"

మొద్దు కంప్యూటర్ కాదు. అందులో వీడియోలు దాచే డ్రైవ్ గొంతుదాకా నిండిపోయింది. ఖాళీ ఉన్నన్నాళ్లూ పరుగెత్తింది. ఇప్పుడు కొత్తది ఎక్కాలంటే లోపల ఉన్నవాటిని సర్దుకుని చోటు చేసుకోవాలి, అందుకే పాకుతోంది. పాత బ్యాచ్‌ల వీడియోలు తీసేద్దామని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! వినడు. మైత్రీవనంలో మా క్లాసు రూము చూస్తే తెలుస్తుంది ఆయన బుద్ధి. బెంచీ చివర జానెడు చోటు కనిపిస్తే చాలు, ఇంకొకణ్ణి కుక్కుతాడు.

పంతం పట్టి, పంజాగుట్టలో రిపేరు షాపు నడిపే సలీం భాయ్‌తో అదే రకం కొత్త డ్రైవ్ తెప్పించాను. డైరెక్టర్ కళ్ల ముందే అదే వీడియో ఎక్కించాను. చేతిలో చాయ్ చల్లారకముందే అయిపోయింది.

"చూసిండ్రా సార్? ఖాళీ ఉంది కాబట్టే గింత ఫాస్టు," అన్నాను.

ఆయన స్క్రీన్ మీదికి వంగి చూశాడు. అర్థమైందనే అనుకున్నాను.

"అబ్బో, ఇందులో చాలా ఖాళీ ఉందే! ఆ పాతవన్నీ ఇందులో కూడా వేసేయ్."

సలీం భాయ్ నా చెవిలో గొణిగాడు. "గాయనకు ఇంకో బెంచీ దొరికింది భాయ్."

వేసే వచ్చాను, అంచుదాకా. రేపు మళ్లీ నన్ను మొద్దు అననీ...